ఆరు గంటల అర మాత్ర

మార్చి 3, ఆదివారం

అక్కా,

మన పిల్లి మేస్త్రికి అన్యాయం జరిగింది. చేసింది పశువుల ఆసుపత్రి మందుల గది గుమాస్తా, ఆ కళ్ళజోడు మనిషి. ముందు ఇది రాసి తర్వాత కులాసాలు రాస్తాను.

నిన్న బైండింగు షెడ్డులో సగం పూట సెలవు పెట్టి మేస్త్రి మూర్ఛ మాత్రల కోసం వెళ్ళాను. ఇన్నాళ్ళూ నెలకి సరిపడా ఇచ్చేవాళ్ళు కదా, ఇప్పుడు వారానికి మించి ఇవ్వరట. పైగా కార్డు మీద నీ పేరుంది కాబట్టి నువ్వే వచ్చి సంతకం పెట్టాలట. "మా అక్క సముద్రం మధ్యలో ఒక రాతి మీద కూర్చుని నీటిమట్టం కొలుస్తోందండీ. వారానికి ఒకటే పడవ. ఫోను కూడా లేదు. సంతకం కోసం ఈదుకుంటూ రమ్మంటారా?" అన్నాను. "గొంతు తగ్గించండి, లోపల కుక్కకి కుట్లు వేస్తున్నారు" అన్నాడు. ఆ కిటికీ ముందు మూడు గంటలు నిలబెట్టాడు అక్కా! చివరికి భిక్ష వేసినట్టు ఏడు మాత్రలు కాగితంలో చుట్టి తోశాడు. నువ్వు డబ్బాలో పెట్టి వెళ్ళినవి ఇంకా కొన్ని ఉన్నాయి, అది వేరే సంగతి. కడుపు మండేది మాత్రల లెక్కకి కాదు, ఆ తోసిన తీరుకి.

మాత్ర వేయడం గురించి అడిగావు. షెడ్డులో కాగితం కోసే కత్తితో మాత్రని సరిగ్గా సగానికి కోస్తున్నాను. పొద్దున ఆరు, సాయంత్రం ఆరు, గడియారం తప్పడం లేదు. మేస్త్రిని తువ్వాలులో చుడతాను. అది నన్ను సెలవు అడిగిన కూలీని చూసినట్టు చూస్తుంది. నోరు తెరిపిస్తాను, వేలు కొరుకుతుంది. మాత్ర వేస్తాను, ఉమ్మేస్తుంది. వెతికి మళ్ళీ వేస్తాను. ఈ లోకంలో నేను లొంగి ఉండే మేస్త్రి ఇదొక్కటే, దీనికి కూడా నా మీద నమ్మకం లేదు. నెల అయింది నువ్వు వెళ్ళి. మూర్ఛ మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

ఇంకో సంగతి. ఈ వారం షెడ్డుకి ఒక కరపత్రం వచ్చింది, "మందు ఎవరికి మేలు?" అని. ముప్ఫై రెండు పేజీలు, అంటే రెండు ఫారాలు. ఒక్కో పెద్ద కాగితం పదహారు పేజీలుగా మడుస్తాం, నీకు తెలుసు కదా. మొదటి ఫారం నా బల్ల మీద పడింది. మడుస్తూ చదివాను, చదువుతూ మడవడం మర్చిపోయాను. "రోగాన్ని పోగొట్టే మందు ఒక్కసారే అమ్ముడవుతుంది. రోగిని నిలబెట్టి ఉంచే మందు రోజూ అమ్ముడవుతుంది." ఎంత మాట! డాక్టరు మేస్త్రికి "బతికున్నంత కాలం వేయాలి" అన్నప్పుడు మనం తలూపి వచ్చేశాం. ఎందుకని ఒక్క మాటైనా అడిగామా?

ఆలోచిస్తున్నాను.

న్యాయం పక్షాన,
నీ తమ్ముడు

*

మార్చి 7, గురువారం, పడవ ఆగిన గంటలో

ఒరే నిప్పుకోడీ,

ఉత్తరం అందింది. చేతిలోనే కాలింది. నువ్వు ఆలోచిస్తున్నానని రాసినప్పుడల్లా నాకు గుండె దడ. చిన్నప్పుడు ఇలాగే ఆలోచించి ట్యూషను మాస్టారి సైకిల్లో గాలి తీశావు, ఆయన మంచివాడని తర్వాత తెలిసింది.

ఆ గుమాస్తాతో పెట్టుకోకు. లోపల రాసిచ్చిన చీటీ ఉంది, నా తరఫున నువ్వు తీసుకోవచ్చని సంతకం పెట్టాను. మర్యాదగా చూపించు. పిల్లి శాపాలకి ఉట్లు తెగవంటారు, నీ శాపాలకీ అంతే.

మాత్ర ఎలాగంటే, తువ్వాలు వద్దు. ఒళ్ళో కూర్చోబెట్టుకో. ఎడమ చేత్తో బుగ్గలు పట్టి తల కొంచెం పైకెత్తు. నాలుక మొదట్లో పెట్టి నోరు మూసి, గడ్డం కింద నుంచి గొంతు మీదుగా ఒక్క వేలితో కిందికి రాయి. రెండుసార్లు. తర్వాత ముక్కు మీద మెల్లిగా ఊదు. గుటక వేస్తుంది. నేను రెండేళ్ళు అలాగే వేశాను, ఒక్కసారీ గీరలేదు.

ఇక్కడ సంగతులేమున్నాయి? నీళ్ళలో నిలబెట్టిన ఇనప స్తంభాలు, వాటి మీద నాలుగు గదులు, కిందికి ఒక నిచ్చెన. పొద్దున ఐదున్నరకీ సాయంత్రం ఐదున్నరకీ దిగి కొలబద్ద చూసి, పైకొచ్చి వైర్‌లెస్‌లో అంకె చెబుతాను. వైర్‌లెస్ అంకెలకి మాత్రమే, కబుర్లకి కాదు. నేనూ వంటాయనా తప్ప మనిషి లేడు. పక్షులు తప్ప జీవి లేదు. చీమ కూడా లేదురా, చక్కెర డబ్బాకి మూత పెట్టక్కర్లేదు. నెలాఖరుకి నా బదులు మనిషి వచ్చేదాకా కదలడానికి లేదు.

ఒక తప్పు చేశాను. రెయిన్‌కోటు జేబులో మేస్త్రి మాత్రల అట్ట ఒకటి నాతో వచ్చేసింది. పది మాత్రలు. ఇప్పుడే పంపుదామంటే కోటు పెట్టె అడుగున ఉంది, పడవవాడు ఈల మీద ఈల వేస్తున్నాడు. వచ్చే గురువారం పంపిస్తాను.

ఒక్క పూట కూడా తప్పించకు. నా మీద ఒట్టు.

మీ అక్క

*

మార్చి 10, ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఒక రోజు ఆలస్యంగా. ఒట్టు శుక్రవారమే గట్టున పెట్టేశాను, ముందే చెబుతున్నాను, తిట్టాలంటే తిట్టు.

శుక్రవారం సాయంత్రం నుంచి మేస్త్రికి మాత్ర ఆపేశాను. ఇవాల్టికి నాలుగు పూటలు. ఏమైందో తెలుసా? ఏమీ కాలేదు! పడలేదు, కొట్టుకోలేదు, నురుగు లేదు. నడుస్తోంది, తింటోంది, నా పుస్తకాల మీద పడుకుంటోంది. రెండేళ్ళు మన చేత గంగిరెద్దుల్లా తల ఊపించారు అక్కా. ఇంత అబద్ధం మీద ఎంత పెద్ద భవనం కట్టారు!

ఒక్కటి మాత్రం రాయాలి, ఎందుకంటే నేను ఏదీ దాచను. శుక్రవారం ఆరింటికి నేను మంచం మీద కూర్చుని దాన్నే చూస్తున్నాను. అది లేచి పెట్టె ఎక్కి గోడ వైపు తిరిగి కూర్చుంది. ఖాళీ గోడ. తల కొంచెం పైకెత్తింది. దాని బుగ్గలు రెండు పక్కలా లోపలికి నొక్కుకున్నాయి. నోరు తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది. తర్వాత గడ్డం కింద నుంచి గొంతు మీదుగా బొచ్చు ఒక గీతలా అణిగింది, పై నుంచి కిందికి, రెండుసార్లు. చివర్లో మీసాలు వెనక్కి ఊగాయి. కిటికీ మూసి ఉంది, ఫ్యాను ఆపి ఉంది. అది గుటక వేసి, మూతి నాక్కుని, దిగి వెళ్ళిపోయింది.

నువ్వు రాసిన పద్ధతి మర్నాడు చదివాక కాసేపు ఒళ్ళు చల్లబడింది, ఒప్పుకుంటాను. తర్వాత అర్థమైంది. ఇది అలవాటు! రెండేళ్ళు ఒక పని చేయిస్తే చేయించేవాడు లేకపోయినా ఒళ్ళు చేస్తూనే ఉంటుంది. షెడ్డులో ముసలి కార్మికులు సెలవు రోజు కూడా వేళ్ళు మడుస్తూ కూర్చోరూ? బానిసత్వం బొచ్చు దాకా ఎలా ఇంకుతుందో కళ్ళారా చూశాను. ఇవాళ పొద్దున కూడా అలాగే చేసింది. మెల్లగా మానుతుంది.

నీ చీటీ దాచాను, వాడను. మంగళవారం ఆ మందుల గది ముందు సభ పెడుతున్నాను. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలని లోకం చర్చించుకుంటూ కూర్చోనీ. నేను కడతాను, పిల్లి మెడలో కాదు, ఆ కళ్ళజోడు మెడలో.

లొంగని,
నీ తమ్ముడు

*

మార్చి 13, బుధవారం

అక్కా,

ఇది రేపటి పడవకి అందదని తెలుసు, ఇరవై ఒకటినాటి పడవలో వస్తుంది. అయినా ఇవాళే రాయకపోతే నిద్ర పట్టదు.

గెలిచాం! నిన్న ఇరవై ఏడుగురు అర్జీ మీద సంతకం పెట్టారు. "ఇష్టం వచ్చినట్టు మందు ఇచ్చి, ఇష్టం వచ్చినట్టు ఆపే ఈ గది మాకొద్దు" అని. నేను స్టూలెక్కి మాట్లాడాను. డబ్బాలో మిగిలిన మాత్రలన్నీ అందరి ఎదుటా ఆ కిటికీలోంచి లోపలికి విసిరాను. చప్పట్లు! కళ్ళజోడు మనిషి వంగాడు. నేల మీద పడ్డ మాత్రల్ని ఒక్కొక్కటే ఏరుకుని, తుడిచి, సీసాలో వేశాడు. మధ్యాహ్నానికి ఆసుపత్రి కమిటీ వచ్చి గదికి తాళం వేసింది. డాక్టరు కూడా సెలవు పెట్టి వెళ్ళిపోయిందట. పోనీ.

షెడ్డులో కూడా ఒక దొంగతనం పట్టాను. మేస్త్రి బాగుందని అందరికీ రుజువు చూపించాలని దాన్ని సంచిలో తీసుకెళ్ళి కాగితం తూచే కాటా మీద పెట్టాను. ఆసుపత్రి కార్డు మీద నాలుగు కిలోలు ఉంది కదా. సోమవారం రెండు కిలోల ముప్పావు చూపించింది. మంగళవారం రెండు కిలోల నాలుగు వందలు. ఇవాళ రెండుకి కూడా వంద గ్రాములు తక్కువ. తిండి ఎప్పటిలాగే తింటోంది, ఎముక కనబడటం లేదు, ఒళ్ళు అలాగే ఉంది. మరి? కాటా దొంగది! యజమాని ఇన్నాళ్ళూ తూకం తక్కువ చూపించి మా చేత ఎక్కువ కాగితం మడిపించుకున్నాడు. ముఖం మీదే అడిగేశాను. రెండో ఫారం బల్ల దగ్గర కుట్టే ముసలాయన, మేం సూది మామ అంటాం, ఐదు కిలోల రాయి తెచ్చి కాటా మీద పెట్టాడు. సరిగ్గా ఐదు చూపించింది. "ఒరే, కాటా బాగానే ఉంది. పిల్లినే కొంచెం చూసుకో" అన్నాడు. యజమాని మనిషి అయి ఉంటాడు.

దాన్ని ఇంటికి తెస్తుంటే సంచిలో ఉందా లేదా అని రెండుసార్లు తెరిచి చూశాను.

ఇవాళ పొద్దున ఇంకోటి. ఆరింటికి అది ఎప్పటిలా గోడకేసి కూర్చుంది. నోరు తెరుచుకోలేదు. ఎదురుచూస్తున్నట్టు పావుగంట అలాగే కూర్చుంది, తోక కొట్టుకుంటోంది. తర్వాత ఒక్కసారిగా కసిగా కొరికింది, గాలిని. దాని పెదవి మీద రక్తం. తుడిచి చూశాను, నోట్లో ఎక్కడా గాయం లేదు.

కింద వాటాలో బండాయన తెలుసు కదా, పోయినేడు భార్య పోయాక ఆవిడ కుక్కతో ఒంటరిగా ఉంటున్నాడు. ఆ కుక్కకి గుండె మాత్ర. మందుల గది మూతపడటంతో నిన్నటి నుంచి దానికీ లేదు. ఇందాక మెట్ల దగ్గర నన్ను ఆపాడు. "తమ్ముడూ, నువ్వన్నట్టే దానికేం కాలేదు. కానీ ఆరింటికి అది మా ఆవిడ పడుకునే మంచం దగ్గరికెళ్ళి నోరు తెరుస్తోంది. తోక కూడా ఊపుతోంది. పోయాక ఇన్నాళ్ళలో అది ఒక్కసారి తోక ఊపలేదు" అన్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. అలవాటు అని చెప్పాను.

నీ తమ్ముడు

*

మార్చి 10, ఆదివారం

తమ్ముడూ,

పడవ నాలుగు రోజులకి గానీ రాదు, అయినా ఇప్పుడే మొదలుపెడుతున్నాను. నవ్వకు.

శుక్రవారం సాయంత్రం కొలబద్ద చూసి నిచ్చెన ఎక్కి వచ్చేసరికి నా గది గుమ్మంలో ఒక పిల్లి పడి కొట్టుకుంటోంది. మూర్ఛ. కాళ్ళు ఈదుతున్నట్టు, నోట్లో నురుగు, కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇక్కడికి పిల్లి ఎలా వస్తుందని ఆలోచించే తీరిక లేదు. పెట్టె బోర్లించి అట్ట తీసి, మాత్ర గోటితో విరిచి, అది తేరుకున్నాక అర ముక్క వేశాను. గీరలేదు. ముక్కు మీద ఊదితే గుటక వేసింది. అప్పుడు చూశాను. ముందు కాలి మీద రక్తం తీయడానికి గొరిగిన చోటు. నువ్వు ఇంటి నుంచి బయటికి తీసుకెళ్ళినప్పుడు గేటుకి చిరిగిన ఎడమ చెవి.

మేస్త్రి ఇంట్లో ఉందా? వెంటనే రాయి.

ఇది ఆరింటికి వస్తుంది, మందు వేసుకుని వెళ్తుంది. ఎటంటే నిచ్చెన దిగి నీళ్ళ వైపు. ఒళ్ళంతా తడిగా వస్తుంది కానీ నేల తడవదు. ఒళ్ళో కూర్చుంటే వెచ్చగా ఉండదు, బరువూ ఉండదు. అందుకే ఇవాళ వంటాయన పిండి తూచే కాటా మీద పెట్టాను. "ఏంటమ్మాయ్, ఖాళీ పళ్ళెం తూస్తున్నావు?" అని నవ్వాడు. తర్వాత ముల్లు చూశాడు. ఎనిమిది వందల గ్రాములు. నవ్వు ఆపి, పొయ్యి మీదది దింపకుండానే బయటికి వెళ్ళిపోయాడు.

సోమవారం: ఒక కిలో పావు.
మంగళవారం: కిలో ఆరు వందలు.
బుధవారం: రెండు కిలోల వంద. ఇవాళ పొద్దున కొలబద్ద తాడు చిక్కుపడి పావుగంట ఆలస్యమయ్యాను. వచ్చేసరికి కోపంగా ఉంది. చూపుడు వేలు కొరికింది, రక్తం వచ్చింది. రెండేళ్ళలో మొదటిసారి. ఒళ్ళో ఇప్పుడు కొంచెం వెచ్చగా ఉంటోంది. అది నాకు బాగుంది, అదే నాకు భయంగా ఉంది.

గురువారం, 14. పడవ వచ్చింది. నీ పదో తారీకు ఉత్తరం ఇప్పుడే చదివాను.

ఒరే, ఎంత పని చేశావురా!

అది అలవాటు కాదు. ఆ బుగ్గలు నొక్కింది నేను. ఆ గొంతు మీద వేలు నాది. నువ్వు అక్కడ వేయడం మానేశావు కాబట్టి అది ఇక్కడికి వస్తోంది. నువ్వు మాత్ర ఆపినా బాగుందని మురిసిపోతున్నావు, అది నా మాత్ర మీద నడుస్తోంది.

లెక్క విను. పది మాత్రలు, ఇరవై అర ముక్కలు. శుక్రవారం సాయంత్రం మొదటిది. సోమవారం, పద్దెనిమిదో తారీకు పొద్దున ఆఖరిది. ఆ సాయంత్రం ఆరింటికి నా చేతిలో ఏమీ ఉండదు. ఉన్నవి ఈ పడవలో నీకు పంపుదామని కవర్లో పెట్టి మళ్ళీ తీసేశాను. అవి నీకు శనివారం గానీ అందవు. ఈలోపల ఇక్కడ అది పడిపోతే? నాకు చేతులు రాలేదురా.

హఠాత్తుగా మందు ఆపితే వచ్చే మూర్ఛ ఇక ఆగదని డాక్టరు నాకు రెండుసార్లు చెప్పింది. నీ డబ్బాలో మాత్రలున్నాయి కదా. ఈ ఉత్తరం అందిన క్షణం వెయ్యి. నువ్వు వేస్తే అది నీ దగ్గరికి తిరిగి వస్తుందని నా నమ్మకం. నమ్మకమే, తెలిసి చెప్పడం లేదు.

పడవవాడు వెళ్తున్నాడు.

అక్క

*

మార్చి 17, ఆదివారం

అక్కా,

ఇది నీకు గురువారం అందుతుంది. అప్పటికి ఏదో ఒకటి తేలిపోయి ఉంటుంది. అయినా నీకు చెప్పకుండా ఏదీ చేయలేను.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. మొదట నీ మీద మండిపడ్డాను. నన్ను భయపెట్టి దారికి తేవడానికి కథ అల్లావనుకున్నాను. నా ఉత్తరం చదివాకే రాసి పాత తారీకు వేశావనుకున్నాను. నీ గురించి అలా అనుకున్నందుకు నన్ను చెప్పుతో కొట్టినా తప్పులేదు. తర్వాత తూకాలు చూశాను. నేను కాటా మీద చూసిన అంకెలు పదమూడో తారీకు ఉత్తరంలో ఉన్నాయి. ఆ ఉత్తరం ఇంకా రేవు దగ్గర సంచిలోనే ఉంది, నువ్వు చూసే వీలే లేదు. సోమవారం నా దగ్గర రెండుముప్పావు, నీ దగ్గర ఒకటింపావు. మంగళవారం రెండు నాలుగొందలు, ఒకటీ ఆరొందలు. బుధవారం కూడా కలిపాను. ఏ రోజు కలిపినా నాలుగే. ఆ పొద్దున దాని పెదవి మీది రక్తం నీది.

తిరిగి చూస్తే మేస్త్రి పెట్టె మీద కూర్చుని ఉంది. ఎత్తుకున్నాను. ఒక దస్తా కాగితం బరువు కూడా లేదు. దాని వెనక ఉన్న గోడ సున్నం మరకలు దాని ఒంట్లోంచి కనబడుతున్నాయా అనిపించింది, దీపం వల్ల కావచ్చు. చూడటం మానేశాను.

డబ్బా ఖాళీ. మాత్రలన్నీ నేనే విసిరాను కదా, చప్పట్ల మధ్య.

సూది మామ ఇంటికి పరిగెత్తాను. ఎందుకో తెలీదు, ఆయన పిల్లిని చూసుకోమన్నాడని కాబోలు. అంతా విని ఆయన లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చాడు. ఆ కరపత్రం రెండో ఫారం. పంతొమ్మిదో పేజీ. "పై మాటలు అన్ని మందులకీ వర్తించవు. మూర్ఛకీ గుండెకీ వాడే మందులు ఒక్క పూట కూడా హఠాత్తుగా ఆపరాదు. ఆపితే ప్రాణం పోతుంది. ఈ మందులు అందరికీ సమంగా అందేలా పోరాడటమే మన పని." నేను మొదటి ఫారం మడిచాను, రెండోది మామ కుట్టాడు. నేను సగం పుస్తకాన్ని పట్టుకుని స్టూలెక్కాను.

"ఒరే, నువ్వు పుస్తకాలు చదవవురా. ఫారాలు చదువుతావు" అన్నాడు మామ. నవ్వలేదు.

ఇవాళ పొద్దున కళ్ళజోడు మనిషి ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో నన్ను చూసి, "రండి నాయకుడుగారూ, ఇంట్లో కిటికీ లేదు, ఏం విసరాలన్నా తలుపులోంచే" అన్నాడు. నేను ఏమీ అనలేదు. నా జన్మలో మొదటిసారి. ఆయన కుర్చీ వేశాడు. అప్పుడు చెప్పాడు. రెండు నెలలుగా ఆ మాత్రల సరఫరా సగానికి పడిపోయింది. నలభై జంతువులున్నాయి. ఒకదానికి నెలకి సరిపడా ఇస్తే ఇంకో మూడింటికి వారానికి కూడా రావు. అందుకే వారానికి ఇస్తున్నాడు. ఒకే కార్డు మీద ఇద్దరు ముగ్గురు పట్టుకెళ్ళి బయట అమ్ముకుంటున్నారు, అందుకే సంతకం.

"మరి నాకు ఆ రోజే చెప్పచ్చు కదండీ?" అన్నాను.

"మీరు మాట్లాడటం ఆపితే చెబుదామని మూడు గంటలు చూశానండి" అన్నాడు.

ఆయన జవాబుకి కూడా నేను సమాధానపడలేదు అక్కా. కొరత ఉందని కిటికీ మీద రాసి అంటించి ఉంటే నలభై మందీ ఆయన పక్కనే నిలబడేవాళ్ళం. ఆ మాట అన్నాను. "అదీ నిజమే" అన్నాడు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకుంటే నాకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తాళం ఆయన దగ్గర లేదు. కమిటీ దగ్గర ఉంది. రేపు పొద్దున ఎనిమిదిన్నరకి వాళ్ళు లెక్కలు సర్దుకోవడానికి వస్తారు. అర్జీ మీద సంతకం పెట్టిన ఇరవై ఏడుగురూ మనిషి మనిషిగా వచ్చి తమ సంతకం కొట్టేస్తే గది తెరుస్తారు. ఒక్కరు తగ్గినా తెరవరు. మళ్ళీ నెలాఖరుకే వస్తారు. అవతలి ఊళ్ళో ఉన్న ఆసుపత్రి ఇక్కడి డాక్టరు చీటీ లేకుండా ఇవ్వదు, డాక్టరు లేదు.

ఇల్లిల్లూ తిరిగాను. పంతొమ్మిది మంది వస్తామన్నారు. "మొన్న మూయమన్నావు, ఇవాళ తెరవమంటావు, నరం లేని నాలుక కదా" అన్నారు కొందరు. పడ్డాను. మిగిలిన ఎనిమిది మందిలో ఏడుగురు దొరకలేదు, లేదా తలుపు తీయలేదు. ఎనిమిదో మనిషి బండాయన. ఆయన తలుపు తీశాడు, నీ ఉత్తరం చదివి వినిపిస్తే మొత్తం విని రానన్నాడు. "నాకు మాత్రలు వద్దు తమ్ముడూ. అది రోజూ ఆవిడ దగ్గరికి వెళ్తోంది. ఆవిడ ఇంకా ఉందని నాకు దాని తోక చూస్తే తెలుస్తోంది. నేను మాత్ర వేస్తే వెళ్ళదు కదా?" అన్నాడు. కుక్కని ఎత్తుకోమన్నాను. ఎత్తుకున్నాడు. అది పెద్ద కుక్క అక్కా, ఇద్దరు కలిసి ఎత్తేది. ఒక్క చేత్తో ఎత్తాడు. ఆ చేతిని చూసుకుంటూ నిలబడిపోయాడు.

"మా అక్క దగ్గర పది ఉన్నాయని నాకు లెక్క తెలుసు. ఆవిడ దగ్గర ఎన్నున్నాయో మనకి ఎవరు చెబుతారన్నా?" అన్నాను.

తలుపు వేసుకున్నాడు. రేపు వస్తాడో రాడో తెలియదు.

ఇప్పుడు సాయంత్రం. ఇందాక ఆరింటికి మేస్త్రి పక్కనే కూర్చున్నాను. దాని బుగ్గలు నొక్కుకున్నప్పుడు నా వేలు కూడా అక్కడ పెట్టాను. చల్లగా, ఉప్పు తగిలినట్టు ఉంది. నువ్వేనా? నేనేనని తెలిసిందా నీకు? "ఒక్క రోజు ఓపిక పట్టు" అన్నాను, నీతోనో దానితోనో.

తెల్లారేలోపు గోడలన్నిటికీ అంటించడానికి చేత్తో రాసిన కాగితం ఇది. నీకు కూడా ఒకటి పెడుతున్నాను. సూది మామా నేనూ కలిసి రాస్తున్నాం, ఆయన ప్రతిదీ రెండు పక్కలా చదివి గానీ నా చేతికి ఇవ్వడం లేదు.

నీ తమ్ముడు

"ఇరుగుపొరుగు వాళ్ళకి,

పశువుల ఆసుపత్రి మందుల గదిని మూయించింది నేను. సగం చదివి, మొత్తం తెలిసినట్టు మీ చేత సంతకాలు పెట్టించాను. మందు కొరత మీద కలిసి పోరాడాలి, అందుకు మళ్ళీ మీ ముందుకే వస్తాను. కానీ ముందు తలుపు తెరవాలి.

మీ ఇంట్లో జంతువుకి మందు ఆగినా ఏమీ కాలేదని సంతోషించకండి. ఆరింటికి అది ఎటు తిరిగి నోరు తెరుస్తోందో చూడండి. ఒకసారి ఎత్తుకుని చూడండి. అవతల ఎవరో తమ దగ్గర ఉన్న నాలుగు ముక్కలూ దానికి పెడుతున్నారు. అవి అయిపోతాయి. మా పిల్లికి రేపటితో అయిపోతాయి.

నా మీద కోపం ఉంటే ఉంచుకోండి, తిట్టుకుంటూనే రండి. సంతకం పెట్టిన ఇరవై ఏడుగురిలో ఒక్కరు తగ్గినా తాళం తియ్యరు. మీ పక్కింటి తలుపు కూడా కొట్టి, రానన్నవాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకురండి.

రేపు, సోమవారం, పొద్దున ఎనిమిది గంటలకి, మందుల గది తలుపు ముందు."